గున్నోడు దాచిన జోళ్ళు

ఆ రోజుల్లో మా ఊళ్ళో కాళ్ళు అందరికీ ఉండేవి, జోళ్ళు మాత్రం కొందరికే ఉండేవి. ఇప్పుడు మా ఇంటి గుమ్మం దగ్గర లెక్క చూస్తే మనుషులు ముగ్గురు, చెప్పుల జతలు పదకొండు. పొద్దున్న నడకకి ఒకటి, పెళ్ళిళ్ళకి ఒకటి, స్నానాల గదికి ఒకటి. అప్పట్లో, అంటే అరవైల చివర, రామతీర్థానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో కాళ్ళకి జోళ్ళున్న మనిషంటే కాస్త పలుకుబడి ఉన్న మనిషని అర్థం. సంతలో కొని, ఆముదం పట్టించి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి వేసుకునే కిర్రు జోళ్ళవి. వేసుకున్నాయన వీధి మొదట్లో ఉండగానే ఆ కిర్రు విని ఇంట్లో మంచం వాల్చేవారు. ఆడవాళ్ళకి జోళ్ళ ఊసే లేదు. మా అమ్మా, మామ్మా, అత్తా పొలానికైనా సంతకైనా గుడికైనా ఒట్టికాళ్ళతోనే తిరిగారు. అదొక విశేషమని మాకెవరికీ తోచలేదు.

మా ఇంట్లో అమ్మ, నాన్న, నాన్న తల్లి మామ్మ, ఎస్సెల్సీ లెక్కల్లో తప్పిన నేను ఉండేవాళ్ళం. నాన్నకి ఒక్కతే చెల్లెలు, మా అత్త. పెళ్ళికాక ముందు ఒకనాడు అత్త నార కోసం గోగుకట్టలు నానబెట్టిన గుంట దగ్గర్నుంచి వస్తూ, పమిట చెంగులో తడిసిన కుక్కపిల్లనొకదాన్ని మూటగట్టి తెచ్చింది. గుప్పెడంత ఉంది కనక గున్న అంది. (మా వైపు గున్న అంటే చిన్నది అని.) ఆరు నెలలు తిరిగేసరికి గున్న పెయ్యదూడంత అయ్యాడు, పేరు మాత్రం మారలేదు. కుక్కని పట్టుకుని వాడూ వీడూ అంటాడేమిటి అనుకోకండి. మా ఇంట్లో గున్నోణ్ణి 'అది' అన్నవాళ్ళకి మామ్మ ఆ పూట కూర వడ్డించేది కాదు.

గున్నోడి గుణగణాలు ఎన్నని చెప్పను. చోడంబలి, అంటే రాగి అంబలి, తప్ప ఇంకోటి తాగడు, అదీ అంచు విరిగిన సత్తుగిన్నెలో పోస్తేనే తాగుతాడు. పెరట్లో మిరపకాయలు ఆరబోస్తే కాకుల్ని తరిమేవాడు గానీ పిచ్చుకల్ని ఏమీ అనేవాడు కాదు. మామ్మ అడ్డచుట్ట కాల్చేది. మా వైపు ముసలమ్మలు చాలామంది అలాగే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆవిడ చుట్ట ముట్టించి, ఆ నిప్పుని లోపలికి తిప్పుకోగానే గున్నోడు ఎదురుగా చతికిలబడి, తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వాల్చి, నిప్పు ఎక్కడికి పోయిందా అని ఆవిడ నోటికేసి చూస్తూ కూర్చునేవాడు. చుట్ట బయటికి తీశాక నిప్పు కనబడితే ఒక తుమ్ము తుమ్మి, అప్పుడు నిశ్చింతగా పడుకునేవాడు. ఊళ్ళో ఎన్ని కుక్కలున్నా ఒక ముసలమ్మ నోరు కాలిపోతుందేమోనని రోజూ కంగారు పడ్డ కుక్క ఇదొక్కటే.

వాడికి ఏడాది నిండకుండానే అత్తకి రాజాం సంబంధం కుదిరి పెళ్ళయిపోయింది. అత్త ఎక్కిన బండి వెనకాల రోడ్డు దాకా పరిగెత్తి, బస్సు కదిలాక ఆ దుమ్ములో నిలబడి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. రెండు రోజులు అంబలి ముట్టలేదు. మూడోరోజు తాగాడు. ఆ తరవాతే వాడికి ఈ జోళ్ళ అలవాటు పట్టుకుంది.

అదెలాంటిదంటే, మా ఇంటికొచ్చిన మనిషి వాడికి నచ్చితే, ఆ మనిషి వెళ్ళడానికి లేచే వేళకి ఎడమకాలి జోడు ఉండేది కాదు. ఎప్పుడు తీశాడో, ఎక్కడ దాచాడో ఎవరికీ తెలిసేది కాదు. గడ్డిమేటంతా పీకినా, పశువుల శాల గాలించినా దొరికేది కాదు. వెతికి వెతికి విసిగిపోయి, 'సరే, ఇంకాసేపు ఉంటానులే' అని ఆ మనిషి మళ్ళీ మంచం మీద కూలబడి, ఇన్ని మజ్జిగ తాగి, ఓ గంట కబుర్లు చెప్పి లేచేసరికి ఎడమకాలి జోడు కుడికాలి జోడు పక్కన బుద్ధిగా కూర్చుని ఉండేది, కాస్త తడితడిగా. నమిలిన గుర్తు, పంటిగాటు ఒక్కటి ఉండేది కాదు. తోలుని చూసి నోరూరని కుక్కని నేను మళ్ళీ చూడలేదు.

ఈ విద్యకి మొదట బలైంది నేను. సెప్టెంబరు పరీక్షకి నాకు లెక్కలు చెప్పడానికి మేష్టారొకరు సాయంత్రాలు ఒక గంట వచ్చేవారు. గున్నోడికి మేష్టారంటే ప్రాణం. దాంతో ఆయన గంట పాఠం చెప్పి లేవగానే జోడు మాయం. 'సరేరా, ఎలాగూ ఉన్నాను కదా, ఇంకో నాలుగు లెక్కలు చేసేద్దాం' అనేవారాయన. నేను గున్నోడి కేసి చూసే చూపుకి ఇంకో కుక్కయితే ఊరొదిలి పోయేది. వాడు మాత్రం మేష్టారి పాదాల దగ్గర గడ్డం ఆనించి, కాలమూ పని లెక్కలు ఎంతో శ్రద్ధగా వినేవాడు. పదిమంది కూలీలు ఆరు రోజుల్లో తవ్వే కాలువని పదిహేనుమంది ఎన్ని రోజుల్లో తవ్వుతారో నాకు ఎలాగూ తెలిసేది కాదు. వాడికి తెలిసే ఉంటుందని ఇప్పుడు నా అనుమానం.

'నోరు నేనోడు. ఉండండి బాబూ అని అనడం ఎలగ? అందుకని జోడు దాస్తన్నాడు' అని మామ్మ తీర్పు చెప్పింది. (మా వైపు 'లేదు' అన్నది 'నేదు' అవుతుంది, 'నేను' అన్నది 'నాను' అవుతుంది.) ఆ మాట ఊళ్ళో పాకింది. పాకాక దాని రూపే మారిపోయింది. మా ఇంట జోడు పోవడం ఒక మర్యాద కింద లెక్కకొచ్చింది. మునసబుగారు ఏ పనీ లేకుండా వచ్చి కూర్చుని, లేచి, ఎడమ జోడు లేకపోవడం చూసుకుని, 'సిత్రం, ఈ కుక్క దుంప తెగ' అని తెగ సంతోషించి వెళ్ళారు. ఒకాయన తనకి జోళ్ళు లేక, తోడల్లుడివి అడిగి వేసుకొచ్చాడు. గున్నోడు వాసన చూసి, ఇవి నీవి కావు అన్నట్టు మొహం తిప్పుకున్నాడు. మొత్తానికి మనిషిలో మంచీ చెడూ చెప్పాలంటే మా కుక్కని అడగాలన్న స్థితికి వచ్చింది మా ఊరు. నాకు మాత్రం ఆ బాధ లేదు, నాకు జోళ్ళు లేవు.

ఇక అత్త మొగుడు రాజాం మావ సంగతి. రాజాంలో గోగునార వ్యాపారం ఆయనది. చెడ్డమనిషి కాదు. అత్తని పల్లెత్తు మాట అని ఎరగడు. కాకపోతే ఆయనకొక నియమం ఉండేది. అత్తారింట్లో రెండోపూట విస్తరి ముందు కూర్చున్న అల్లుడికి విలువ పోతుందని వాళ్ళ నాన్న చెప్పాడట. అందుకని ఏడాదికి రెండుసార్లు పొద్దున్న బస్సుకి అత్తని తీసుకొచ్చి, మధ్యాహ్నం భోంచేసి, నాలుగు గంటల బస్సుకి తీసుకుపోయేవాడు. ఆ బస్సు దాటితే మళ్ళీ మర్నాడు పొద్దున్నే. అత్త నోరు తెరిచి ఉంటానని అనేది కాదు. మామ్మకి వంటా వడ్డనా అయ్యేసరికి రెండు దాటేది. అప్పుడు కూతుర్ని పెరటరుగు మీద కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ కబుర్లు మొదలెట్టేది. జడ సగం అయ్యేసరికి వీధిలోంచి మావ, 'ఏటి, ఎల్దామా?' అనేవాడు. మిగతా సగం అత్తే అల్లుకుంటూ బండెక్కేది. పెళ్ళయి రెండేళ్ళయినా కూతురికి ఒక జడ పూర్తిగా వెయ్యలేదని మామ్మ నా దగ్గర ఎన్నిసార్లు కళ్ళొత్తుకుందో చెప్పలేను.

ఈ నియమానికి తోడు గున్నోడొకడు. అత్త వచ్చిందంటే వాడు మనిషి కాడు. (కుక్కే అనుకోండి.) వీధి మొదట్లోనే ఎదురెళ్ళి, ఆవిడ చుట్టూ పది చుట్లు తిరిగి, పాదాలు నాకి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని లోపలికి లాక్కొచ్చేవాడు. ఆవిడ ఒడిలో తలపెట్టి కళ్ళు మూసుకునేవాడు. మావ జోళ్ళ కేసి మాత్రం కన్నెత్తి చూసేవాడు కాదు. ఒకసారి మావ వెళ్ళడానికి లేచేసరికి ఆ రోజు పెందరాళే పాఠానికొచ్చిన మేష్టారు అరుగు మీద ఒంటిజోడుతో చిక్కుపడి కూర్చుని ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు. 'ఇదేటి బావా?' అని మావ అడిగితే నాన్న అమాయకంగా సంగతంతా చెప్పాడు, మునసబుతో సహా. మావ తలొంచి తన జోళ్ళకేసి చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. వంకర కూడా పోలేదు.

నాలుగో రోజున కార్డు వచ్చింది. మావ మామూలుగా మాట్లాడితే మనలాగే మాట్లాడతాడు గానీ కోపమొచ్చి ఉత్తరం రాస్తే పంతులుగారి పెళ్ళి శుభలేఖలా ఉంటుంది. 'తమ గృహమునందు నాకు గల గౌరవ మర్యాదలెట్టివో తమ శునకము ద్వారా గ్రహించితిని. ఇకపై రాకపోకల విషయమున ఆలోచించవలసియున్నది' అని రాశాడు. నేనే చదివి వినిపించాను. నాన్న నవ్వబోయి మామ్మ మొహం చూసి ఆగిపోయాడు.

'నవ్వులాటేటిరా? ఊరి పండగ రెండు నెల్లున్నాది' అంది మామ్మ.

మా ఊరి అమ్మవారి పండగ మూడేళ్ళకొకసారి. మూడు రోజులు జరుగుతుంది. పెళ్ళయిపోయిన ఆడపడుచులందరూ పుట్టిళ్ళకొచ్చి, ఆఖరి రోజున ముర్రాటలు ఎత్తుకుని వెళ్ళి అమ్మవారికి పోస్తారు. (ముర్రాటలంటే పసుపు నీళ్ళ ఘటాలు.) ఆడపిల్ల ఉండి కూడా ఘటం లేవని ఇల్లంటే ఊళ్ళో తలవంపులు. అంతకన్నా, ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళు. మామ్మకి అప్పటికే అరవై దాటాయి. 'మూడేళ్ళకి నానుంటానో నేనో' అని ఆవిడ చుట్ట ఆర్పేసి చెవిలో పెట్టుకుంది. నాన్న రాజాం వెళ్ళి పిలిచాడు. 'ఎందుకు రాం బావా, వస్తాం. దండం పెట్టుకుని నాలుగింటి బస్సుకి వచ్చేస్తాం' అన్నాడట మావ.

పండగ సోమవారం మొదలు. ఆ పొద్దున్నే మావా అత్తా దిగారు. మామ్మ అప్పటికే రెండు రోజులుగా ఆలోచించి ఒక పథకం వేసి ఉంచింది. మావ కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళగానే ఎడమ జోడుకి ఎండు నెత్తళ్ళ చేపల పొడి బాగా రుద్దింది. గున్నోడు వచ్చాడు, వాసన చూశాడు, పొడి మొత్తం శుభ్రంగా నాకాడు, జోడుని అక్కడే వదిలేసి అత్త దగ్గరికి పోయాడు. భోజనాలయ్యాయి. రెండున్నర అయింది. మామ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. అల్లుడి ఎదుట చుట్ట కాల్చకూడదు కనక ఆవిడకి పొద్దుట్నుంచీ పొగ లేదు, మంచి చిరాకు మీద ఉంది.

'ఒరే, ఆ జోడు నువ్వే తీసీ.'

'నాను తియ్యాలా?'

'నువ్వు కాక మీ మేష్టారేటి? తీసి గడ్డిమేట్లో దాసీ. గున్నోడు తీసేడనుకుంటాడు అల్లుడు. మనసూ సల్లబడతాది, బస్సూ పోతాది. లెక్కల్లో ఎలగూ తప్పేవు, దీన్లోనైనా నెగ్గు.'

పదహారేళ్ళ వాణ్ణి, ఆ మాటతో పౌరుషం వచ్చింది. చుట్టూ చూసి, ఎడమ జోడు చొక్కాలో దోపుకుని, గడ్డిమేటు వెనక్కి వెళ్ళి, మోచేతి దాకా చెయ్యి పెట్టి దాచి, పైన గడ్డి సర్ది, పొట్ట మీద ఆముదం మరకతో వచ్చి అరుగు మీద పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. పుస్తకం తలకిందులుగా ఉందని తరవాత అమ్మ చెప్పింది.

మూడుంపావుకి మావ బయటికొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. అక్కడ ఒకటే జోడుంది. ఆయన మొహంలో వచ్చిన మార్పు నేను ఈనాటికీ మరిచిపోలేదు. ముందు కనుబొమలు లేచాయి, తరవాత మీసాలు లేచాయి, ఆ తరవాత ఆయన కష్టపడి కోపం తెచ్చుకున్నాడు. 'ఏటి బావా ఇది? నాది కూడా తీసేసినాదా? నాలుగింటికి బస్సున్నాది కదేటి' అంటూనే వెనక్కి నడిచి మంచం మీద చేరగిలబడ్డాడు. 'కుక్కకేం తెలుసు పాపం. ఇష్టం ఉంటే అలగే సేస్తాది' అని తనకి తనే చెప్పుకున్నాడు. తలుపు చాటునుంచి మామ్మ నాకేసి చూసి తలూపింది. జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష నెగ్గినట్టనిపించింది.

అంతలో గున్నోడు పెరటి సందులోంచి వచ్చాడు. ఒంటినిండా గడ్డి. నోట్లో మావ ఎడమ జోడు. నేను చూస్తూ ఉండగానే, నాన్న చూస్తూ ఉండగానే, తాపీగా నడిచి, ఆ జోడుని కుడి జోడు పక్కన పెట్టి, ముట్టెతో కొంచెం తోసి రెండూ సమంగా ఉన్నాయో లేదో చూసుకుని, జోళ్ళ ముందు కూర్చున్నాడు. కూర్చుని మావ కేసి ఒకసారీ, వీధి కేసి ఒకసారీ చూశాడు. బస్సుకి టైమైంది బాబూ అని అంతకన్నా స్పష్టంగా మునసబు కూడా చెప్పలేడు.

మావ లేచాడు. ఆ మీసాలు ఇందాకటి చోటికన్నా కిందకి దిగాయి. జోళ్ళు తొడుక్కుని, మా ఎవరి మొహమూ చూడకుండా, 'పద, ఎల్దాం' అన్నాడు లోపలికి వినిపించేలా. అత్త సగం జడతో, గుడ్డసంచీతో వచ్చి గుమ్మంలో నిలబడింది. మామ్మ చేతిలో దువ్వెన అలాగే ఉంది. నేను ఆ గడ్డిమేట్లోనే దూరిపోదామా అనుకున్నాను. గున్నోణ్ణి చంపెయ్యాలన్నంత కోపమొచ్చింది. ఇంతమందిని తన దగ్గర ఉంచుకోవడం తెలిసినవాడికి, ఉండాల్సిన ఒక్క మనిషినీ ఎలా ఉంచాలో తెలీలేదే అని ఏడుపొచ్చింది.

గున్నోడు అత్త చేతిలో సంచీ చూశాడు. లేచాడు. ఆవిడ పాదాల దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. ఒక పాదం, ఇంకో పాదం, వాటి పక్కన నేల, గుమ్మం కింద, గుమ్మం అవతల. ఏదో పోయినట్టు వెతికాడు. మళ్ళీ పాదాల దగ్గరికొచ్చి, తలెత్తి అత్త మొహం చూశాడు.

అమ్మ అప్పుడు ఒక మంచిపని చేసింది, అదీ తెలిసి చేసింది కాదు. 'ఒట్టి చేతుల్తో పంపుతామేటి? అన్నయ్యా, ఇద్దరూ ఒకసారి దేవుడి గూటి దగ్గరికి రండి, బొట్టెట్టి పంపుతాను' అంది. ఎంత అలక మీదున్నా దానికి కాదనడానికి లేదు. మావ జోళ్ళు విడిచి లోపలికెళ్ళాడు. అమ్మ అత్తకి బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం, పసుపు, రవికలగుడ్డ పోసి, మావకి తువ్వాలు పెట్టింది. ఎంత, ఓ ఐదు నిమిషాలు. బయటికొచ్చి చూస్తే గుమ్మం దగ్గర ఏమీ లేదు. ఎడమదీ లేదు, కుడిదీ లేదు. గున్నోడూ లేడు.

వాడు ఏనాడూ రెండు జోళ్ళూ తియ్యలేదు. మేష్టారివి తియ్యలేదు, మునసబుగారివి తియ్యలేదు. నాన్నా నేనూ ఈసారి నిజంగానే వెతికాం. గడ్డిమేటు సగం కిందకి లాగాం. రోడ్డు మీద బస్సు హారను వినిపించింది, కాసేపటికి ఆ చప్పుడూ పోయింది. మావ ఒట్టి కాళ్ళతో గుమ్మంలో నిలబడి ఏదో లెక్క వేసుకుంటున్నాడు. ఆ సమయానికి పండగ ఏర్పాట్ల మీద అటుగా వచ్చిన మేష్టారు సంగతి విని, ముక్కు మీద వేలేసుకుని, 'ఒకటి తీస్తేనే అంత మర్యాద అయితే, రెండు తీయడమంటే దానికి రెట్టింపు కదండీ' అన్నారు. కూడికల్లో ఆయన మాటకి తిరుగు లేదు.

'రెట్టింపేటి మేష్టారూ' అన్నాడు మావ సిగ్గుపడుతూ. 'మరి ఇందాక ఆ ఒకటి తెచ్చి పెట్టేసినాదెందుకు?'

'చాలదనుకుని ఉంటుంది' అన్నారు మేష్టారు.

మావ నాలుగు రోజులున్నాడు. మొదటి రాత్రి విస్తరి ముందు కూర్చుంటూ, 'జోళ్ళు లేక ఉన్నాను గానీ' అన్నాడు. రెండోరోజుకి ఆ మాట మానేశాడు. కనిపించినవాడికల్లా కాళ్ళు చూపించి, 'నావి రెండూ తీసినాది' అని చెప్పాడు. ఊరంతా అమ్మవారి పండగకి ఒట్టి కాళ్ళతోనే తిరుగుతుంది కనక ఆయనకి లోటేమీ తెలియలేదు. అత్త ఘటం ఎత్తుకుంది. డప్పుల ముందు, పసుపు నీళ్ళు మొహం మీద ఒలుకుతూ ఉంటే నవ్వుతూ నడిచిన అత్తని నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే చూడగలను. పక్కన గున్నోడు, ఆవిడ అడుగుకి అడుగు వేస్తూ. మామ్మ ప్రతి మధ్యాహ్నమూ కూతురికి నూనె రాసి, చిక్కు తీసి, జడ కొసదాకా అల్లి, మళ్ళీ విప్పి మళ్ళీ అల్లేది.

ఐదో రోజు పొద్దున్న అత్త గున్నోడి తల నిమిరి, 'ఇంక ఎల్లాలిరా గున్నా, మళ్ళీ వస్తాను కదా' అంది. కాసేపటికి జోళ్ళు రెండూ గుమ్మం దగ్గర ఉన్నాయి. పొద్దున్న బస్సుకి వాళ్ళు వెళ్ళారు. నేను పెరట్లో మామ్మ దగ్గర కూర్చుని, 'ఎంతైనా గున్నోడికి మావంటే అంతిష్టమని నాకు తెలీదే' అన్నాను. మామ్మ నాలుగు రోజుల తరవాత దొరికిన చుట్ట నిప్పుని లోపలికి తిప్పుకుని, ఒక దమ్ము పీల్చి, నన్ను జాలిగా చూసింది.

'ఒరే ఎర్రోడా. మీ అత్తకి జోళ్ళున్నాయేటి?'

నేను గున్నోడి కేసి చూశాను.

'ఉండమనడానికి దాని కాళ్ళ కాడ ఏటీ నేదు. పాపం ఎంత ఎతికేడో సూడనేదా? ఆయన కదిల్తే ఇది కదుల్తాది. ఆయనవి రెండూ దాసేస్తే ఇది ఉంటాది. అందుకు సేసేడు.' గున్నోడు ఎదురుగా కూర్చుని నిప్పు కోసం ఆవిడ నోటికేసి చూస్తున్నాడు. మా ఇంట్లో అత్త కాళ్ళకి జోళ్ళు లేవన్న సంగతి గమనించిన మొదటివాడు వాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కాళ్ళని చూస్తున్నవాళ్ళం మాకెవరికీ తట్టలేదు. వాణ్ణి దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకున్నాను. చంపేద్దామనుకున్నందుకు క్షమించమని కూడా అడిగాను. మామ్మ వినలేదనుకున్నాను, విందని నాన్న దాన్ని అందరికీ చెప్పేదాకా తెలియలేదు. (సెప్టెంబరులో లెక్కలు ముప్ఫై ఆరు మార్కులతో గట్టెక్కాను. అందులో గున్నోడి వాటా ఉంది.)

మావతో ఈ సంగతి ఎవరమూ అనలేదు. ఆ తరవాత ఆయనే ఏడాదికి నాలుగుసార్లు బయల్దేరేవాడు, వచ్చి జోళ్ళు గున్నోడికి అందేలా విడిచేవాడు. ఆ సంతోషంలో ఒకసారి రాజాంలో అత్తకి కూడా ఎర్రపట్టీల జోళ్ళు కొన్నాడు. వాటితో వచ్చిన రోజున గున్నోడు అత్త ఎడమ జోడు ఒక్కటే తీసి, మావ జోళ్ళు ఎక్కడివక్కడే వదిలేశాడు. మావ మొహం మళ్ళీ దిగిపోవడం అత్త చూసింది. ఆ తరవాత మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ ఎర్రపట్టీల జోళ్ళు రాజాంలోనే వదిలి, ఒట్టి కాళ్ళతోనే వచ్చేది. గున్నోడు మళ్ళీ మావవి రెండూ తీసేవాడు. ఆ కుక్క తనని ప్రాణంగా చూసుకుందన్న నమ్మకంతోనే మావ ముసలాడయ్యాడు, ఆ నమ్మకంతోనే పోయాడు. గున్నోడు అంతకు చాలా ఏళ్ళ ముందే పోయాడు, నాకు శ్రీకాకుళంలో గుమాస్తా ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకి. ఉద్యోగానికని కొన్న నా మొదటి జోళ్ళలో ఎడమది దాచి, నాకు ఒక బస్సు తప్పించాడు. తిట్టుకుంటూ రెండో బస్సుకి వెళ్ళాను. ఇంకో రెండు బస్సులు తప్పిపోయినా కొంపలేం మునిగేవి కావని ఇప్పుడనిపిస్తుంది.

మొన్న ఓ పనిమీద అటు వెళ్ళి రాజాంలో అత్తని చూశాను. డెబ్బై అయిదు దాటింది. పళ్ళు లేవు, నవ్వు అలాగే ఉంది. కొడుకూ కోడలూ దుకాణానికి వెళ్ళారు, ఇంట్లో ఆవిడొక్కతే. గంటసేపు గున్నోడి గురించే మాట్లాడుకున్నాం. నాలుగున్నరకి లేచి, 'కారు అద్దెది అత్తా, చీకటి పడకుండా చేరాలి' అని గుమ్మం దగ్గరికొచ్చాను. అక్కడ నా కుడికాలి చెప్పు ఒకటే ఉంది. అటూ ఇటూ చూశాను. వీధరుగు కింద చూశాను. అత్త గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని, ఎటో చూస్తూ కూర్చుంది. ఇందాక మంచినీళ్ళు తాగుదామని నేను లోపలికి వెళ్ళిన మాట నిజమే.

'అత్తా, ఎడమ చెప్పు కనబడటం లేదు.'

'కుక్కేమోరా' అంది.

ఆ ఇంట్లో కుక్క లేదు. ఆ వీధిలోనూ ఏదీ కనిపించలేదు. డెబ్బైకి దగ్గరపడ్డవాణ్ణి, నడుం నొప్పి ఉన్నవాణ్ణి, డ్రైవరు చేత అప్పటికే రెండుసార్లు గడియారం చూపించుకున్నవాణ్ణి. ఆవిడ చీర కుచ్చిళ్ళ కింద తోలు అంచు కొద్దిగా కనిపిస్తోంది. నేను కారు పంపించేసి, వెళ్ళి ఆవిడ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను.